చలికాలంలో ఇంజన్‌ను నిలబెట్టి వేడి చేయాలా?

డిసెంబరు ఉదయాల్లో ఢిల్లీ కాలనీల్లోనైనా, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోనైనా ఒక దృశ్యం మామూలే. కారు స్టార్ట్ చేసి, అద్దం తుడుస్తూనో ఫోన్ మాట్లాడుతూనో అయిదు పది నిమిషాలు దాన్ని అలాగే ఉంచుతారు. ఇంజన్ వేడెక్కాలన్నది ఉద్దేశం. ఒకప్పుడు ఇందులో అర్థం ఉండేది. ఇప్పుడు ఇంధనం వృథా కావడం తప్ప ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

పాత వాహనాల్లో పెట్రోలును గాలితో కలిపే పని కార్బురేటర్‌ది. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకే చోక్ లాగి, మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచి, కాసేపు ఆగాల్సి వచ్చేది. లేకపోతే బండి కుదుపులిచ్చి ఆగిపోయేది. నేటి కార్లలో ఆ బాధ్యత ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది. ఇంజన్, గాలి ఉష్ణోగ్రతలను సెన్సార్లు కొలుస్తాయి, ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక ద్విచక్ర వాహనాలు కూడా ఎక్కువగా ఈ పద్ధతికే మారాయి. బండి మారినా అలవాటు మాత్రం మారలేదు.

ఇంజన్ సక్రమంగా పనిచేసేది శీతలీకరణ ద్రవం సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు. ఆ స్థాయికి చేరేదాకా ఆయిల్ చిక్కగా ఉండి ఘర్షణ పెంచుతుంది, మండడానికి మామూలు కన్నా ఎక్కువ పెట్రోలు కావాలి. నిలబడిన ఇంజన్ చేసే పని తక్కువ కాబట్టి పుట్టించే వేడీ తక్కువే. నెమ్మదిగా నడిస్తేనే అది త్వరగా వేడెక్కుతుంది. స్టార్ట్ చేశాక అర నిమిషం చాలు. ఆ తర్వాత మొదటి కొన్ని కిలోమీటర్లు యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కకుండా నడపాలి.

పొగ సంగతి ఇంతకన్నా ముఖ్యం. సైలెన్సర్ దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్‌ను, సగం కాలిన ఇంధనాన్ని హానిలేని వాయువులుగా మారుస్తుంది. అయితే అది 250-300 డిగ్రీలకు చేరితేనే సరిగా పనిచేస్తుంది. అప్పటిదాకా విష వాయువులు దాదాపు యథాతథంగా బయటికి పోతాయి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే ప్రాణాపాయం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు, అది పేరుకుంటున్నట్టు మనిషికి తెలియదు.

ఆరుబయట కూడా చలికాలం వేరు. రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి పైగాలి కన్నా చల్లనవుతుంది. చల్లని గాలి బరువు, పైకి లేవదు. పైనున్న వెచ్చని పొర మూతలా పనిచేస్తుంది. దీన్నే ఉష్ణోగ్రత విలోమం అంటారు. వేసవి మధ్యాహ్నం ఎగిరిపోయే అదే పొగ జనవరి ఉదయం బడి బస్సు కోసం నిలుచున్న పిల్లల ముక్కు ఎత్తులోనే తిరుగుతుంటుంది.

అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీలతో పోలిస్తే సుమారు మైనస్ 7 డిగ్రీల వద్ద నగరంలో పెట్రోలు కారు మైలేజీ దాదాపు 15 శాతం తగ్గుతుంది. అయిదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాల్లో ఇది 24 శాతం దాకా పోవచ్చు. మన మైదానాల్లో అంత చలి లేదు, నష్టమూ అంత ఉండదు. కానీ చిన్న ప్రయాణాల సూత్రం ఇక్కడా అదే. పాలకు ఒకసారి, కూరగాయలకు ఒకసారి, మందులకు ఒకసారి బండి తీస్తే మూడుసార్లూ ఇంజన్ చల్లగానే మొదలవుతుంది. మూడు పనులూ ఒకే చుట్టులో ముగిస్తే ఒక్కసారే. వీధి చివరి దుకాణానికైతే నడకే మేలు.

టైర్ల విషయంలో చిన్న లెక్క చాలు. 30 డిగ్రీల ఎండలో 32 పీఎస్ఐ గాలి పట్టిన టైరు 10 డిగ్రీల ఉదయానికి సుమారు 29కి దిగుతుంది. పంక్చర్ లేకపోయినా చలికి గాలి సంకోచించడమే కారణం. మెత్తబడిన టైరు దొర్లడానికి ఎక్కువ శక్తి కావాలి. కాబట్టి చలికాలం మొదలవగానే, బండి దూరం నడవకముందే గాలి చూపించుకోవాలి.

హీటర్ వాడితే మైలేజీ పడిపోతుందన్న భయం మాత్రం పెట్రోలు, డీజిల్ కార్లలో అక్కర్లేదు. ఇంజన్ ఎలాగూ పారేసే వేడినే అది లోపలికి మళ్లిస్తుంది, ఫ్యాన్‌కు కాస్త విద్యుత్తు తప్ప ఖర్చు లేదు. విద్యుత్ కార్లలో అలాంటి మిగులు వేడి ఉండదు, హీటర్ బ్యాటరీ నుంచే తీసుకుంటుంది. అందుకే ఆ సదుపాయం ఉన్న కార్లలో ఛార్జింగ్ ప్లగ్ తీయకముందే క్యాబిన్‌ను వెచ్చబరిస్తే ఆ ఖర్చు ఇంటి కరెంటు మీద పడుతుంది, ప్రయాణ దూరం మీద కాదు.