రాయితీ యను పదము

మనుష్యులవలెనే మాటలును దేశాంతరములు తిరుగును. మన హైదరాబాదు పాతనగరమున చాంద్రాయణగుట్ట చెంత నున్న బార్కసు పేరే యిందుకు నిదర్శనము. సైనికుల వసతులకు ఇంగ్లీషువారు వాడు ‘బ్యారక్సు’ అను మాట జనుల నోట నలిగి ‘బార్కసు’ అయ్యెను. యెమెను దేశమందలి హద్రమౌతు సీమనుండి వచ్చి నిజాము కొలువున సిపాయిలుగా నుండిన అరబ్బులకు అది నివాసస్థానము. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన పిదప ఆ కొలువు ముగిసినను, వారి సంతతివారు అచ్చటనే స్థిరపడిరి. వారి పూర్వుల భాషయగు అరబ్బీనుండి, దర్బారు భాషయగు పారసీకము మీదుగాను ఉర్దూ మీదుగాను మన తెలుగునకు చేరిన పదములు పెక్కులు గలవు. అట్టివానిలో ‘రాయితీ’ యను నొక్క పదమును ఇచ్చట విచారింతము.

నేడు మనము రాయితీ యనగా వెలలో తగ్గింపు అని మాత్రమే తలంచుచున్నాము. రైలు టిక్కెట్టులో రాయితీ, విత్తనముల ధరలో రాయితీ అని వాడుచున్నాము. ఉర్దూలో ‘రిఆయత్’ అను పదమున కింతకంటె విశాలమైన యర్థము గలదు. ఎదుటివాని స్థితిని గమనించి కఠినత్వమును సడలించుటయే రిఆయత్. అరబ్బీలో ‘రిఆయా’ యనగా సంరక్షణము. నేటికిని అరబ్బు దేశములలో రోగుల సంరక్షణకు ఈ మాటనే వాడుదురు. దీని ధాతువునకు మందను మేపుట, కనిపెట్టి యుండుట యని యర్థము. ఆ ధాతువునుండియే కాపరికి ‘రాఈ’ యనియు, మందకు ‘రఇయ్యత్’ అనియు పేళ్లు వచ్చినవి. రఇయ్యత్ అను పదము పిమ్మట రాజు ఏలు ప్రజలకును, మన దేశమున భూమి దున్నువానికిని పేరై, తుదకు ‘రైతు’ అయ్యెను. కావున ‘రైతులకు రాయితీ’ అని పత్రికలు వ్రాయునపుడు, ఒక్క కడుపున బుట్టిన రెండు మాటలు చిరకాలమునకు కలిసికొనుచున్నవి!

వింత యేమనగా, మన తెలుగును ఈ త్రోవనే నడచినది. ‘కాచు’ అనగా రక్షించుట. మందను కాచువాడు కాపరి. భూమిని సాగుచేయువాడు కాపు. క్షమింపుమని వేడునపుడు ‘తప్పు కాయుము’ అని పెద్దలు పలికెడివారు. మందను కాచుటకును తప్పును కాచుటకును మాట యొక్కటియే. కనికరము కాపుదలలోనిదే యని రెండు భాషలును బోధించుచున్నవి.

ఈ పదమునకు దగ్గరగా గనబడు ఇతర పదములతో దీనిని కలిపివేయరాదు. ఒక బాలుడు పాఠము అప్పగింపలేదనుకొందము. ఉపాధ్యాయుడు చూచియు చూడనట్లున్నచో అది ఉపేక్ష. లోలోపల విసుగుకొనుచు ఊరకున్నచో అది ఓర్పు మాత్రమే. కలవారి బిడ్డ యని విడిచినచో అది పక్షపాతము; ఉర్దూలో దీనిని ‘రూ-రిఆయత్’ అందురు. ‘రూ’ యనగా ముఖము. ముఖము చూచి చేసిన మేలన్నమాట. అట్లుగాక, తల్లి జ్వరపడుటచే రాత్రి పనియంతయు బాలునిపై బడెనని విచారించి తెలిసికొని, ఒకనాటి గడువిచ్చి, మరునాడు మరువక పాఠ మడిగినచో అది రాయితీ. దీనియందు దయయు గలదు, కనిపెట్టి యుండుటయు గలదు.

రాజ్యవ్యవహారములందును ఇట్లే. 1800లో నిజాము కంపెనీవారికి దత్తమండలముల నిచ్చెను. అచ్చట కలెక్టరైన తామస్ మన్రో పొలము పొలము కొలిపించి శిస్తు కట్టించెను. రైతులకది మోయరాని భారమని గ్రహించి, నూటికి 25 వంతులు తగ్గింపవలెనని 1807లో పైవారికి వ్రాసెను. వారు వెంటనే సమ్మతింపక గ్రామములను గుత్తల కిచ్చిరి. 1820లో మన్రో మద్రాసు గవర్నరైన పిమ్మటగాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. ఆయన పద్ధతియందు లోపములు లేకపోలేదు. అయినను పొలము నెఱిగి, దున్నువాని స్థితి నెఱిగి కోరిన తగ్గింపు గనుక అది రాయితీ యను పేరునకు తగినది.

విద్యార్థులారా, బడి జీతమున రాయితీ పొందు బాలబాలికలు మీలో నుండవచ్చును. వారు తల వంచుకొననక్కరలేదు. తోడివారు వారిని చులకన చేయరాదు. రాయితీ భిక్షము గాదు. మందలో కుంటుచున్న గొఱ్ఱెపిల్లకై కాపరి నడక తగ్గించును. మందయంతయు దానితోకూడ ఇల్లు చేరును. మీరు పెద్దవారై దుకాణమునగాని కచ్చేరీలోగాని ఒకరిపై అధికారము వహించునపుడు ఎదుటివాని ముఖము చూడక స్థితిని చూడుడు. అపుడే ఈ పదము నర్థమును మీరు చక్కగా నేర్చినవా రగుదురు.