పందెపు సొమ్ము - కాయకపు సొమ్ము

సంక్రాంతి నాటికి కృష్ణా డెల్టాలో వరి కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరును. ఆ దినములలోనే, నెలల తరబడి పడిన శ్రమకు ఫలమైన ధనమును కోడి కాలికి కట్టిన కత్తికి అప్పగించు వేడుకయు సాగుచున్నది. విజయవాడ పరిసరములందలి గన్నవరము, కంకిపాడు ప్రాంతములు మొదలు గోదావరి జిల్లాల వరకు బరులు వెలయును. బరి ప్రక్కనే గుండాట, పేకాటలును నడచును. కోళ్లను పోరాడించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచేతను, పందెము కాయుట 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టముచేతను నేరములు. 2016 డిసెంబరులో హైదరాబాదు ఉన్నత న్యాయస్థానము కోడిపందెములను అరికట్టుమని ఆదేశించెను. అయినను బరులు ఆగలేదు.

ఇట్టి స్థితినుండియే ఒక వాదము పుట్టుచున్నది. ఆపలేని జూదమును చట్టబద్ధము చేసి, పన్ను గైకొని, వెలుతురులో నడపినచో లంచగొండితనము తగ్గునని ఆ వాదము. క్రికెట్టు విషయమున ఇది పెద్దలనోటనే వినవచ్చినది. 2016 జనవరిలో జస్టిస్ లోధా సంఘము, ఆటగాండ్రు, నిర్వాహకులు తప్ప ఇతరులు క్రికెట్టుపై పందెము కాయుటను చట్టబద్ధము చేయవలెనని సిఫారసు చేసెను. 2018 జూలైలో లా కమిషన్ తన 276వ నివేదికలో, పూర్తిగా నిరోధించుట సాధ్యము కానిచో కట్టుదిట్టమైన నియమములతో అనుమతించుటయే మార్గమని తెలిపెను. కనుక ఈ వాదమును త్రోసివేయక పరిశీలింపవలెను.

పల్నాటి పాఠము

కృష్ణానదికి దక్షిణమునగల పల్నాటిలో 12వ శతాబ్దమున, అనగా బసవేశ్వరుడు కల్యాణమున నున్న శతాబ్దముననే, కోడిపందెమున ఓడి బ్రహ్మనాయుని పక్షము ఏడేండ్లు రాజ్యము విడువవలసి వచ్చెను. నాయకురాలు నాగమ్మ కపటోపాయముచే గెలిచెనని కథ చెప్పుచున్నది. దాని ఫలితము కారెమపూడి రణరంగము. ఆ పందెము చాటున జరిగినది కాదు. రాజుల సమ్మతితో, అందరి యెదుట, షరతులు చెప్పుకొని జరిగినది. అయినను కపటము ప్రవేశించెను. వెలుతురొక్కటియే జూదమును శుద్ధి చేయజాలదనుటకు తెలుగువారికి ఇంతకంటె దగ్గర దృష్టాంతము లేదు.

ఇతర దేశముల అనుభవము

బ్రిటనులో 1960 నాటి చట్టముచే పందెపు దుకాణములు అనుమతింపబడెను. ఆ దేశమందే 2010లో లార్డ్స్ మైదానమున పాకిస్తాను బౌలర్లు ముందుగా మాటయిచ్చిన బంతులకే నోబాల్ వేసిరి. ఒక వార్తాపత్రిక విలేఖరి పన్నిన వలలో అది బయటపడి, 2011లో ముగ్గురు ఆటగాండ్రు కారాగారము పాలైరి.

అమెరికాలో 2018 మే నెలలో అచటి సుప్రీంకోర్టు క్రీడాపందెములపై నున్న కేంద్ర నిషేధమును కొట్టివేసెను. పిమ్మట అనేక రాష్ట్రములు వానిని అనుమతించెను. 2024 ఏప్రిలులో టొరంటో బాస్కెట్‌బాల్ జట్టు ఆటగాడు జాంటే పోర్టర్ జీవితకాల నిషేధమునకు గురియయ్యెను. అతడు తక్కువ పాయింట్లు చేయునని ఇతరులు పందెము కాయగా, అనారోగ్యము సాకుగా ఆట మధ్యలో వైదొలగెను. ఆ పందెములు అనుమానాస్పదములని మొదట పట్టినది చట్టబద్ధమైన వ్యవస్థయే. ఇది అంగీకరింపవలసిన గుణము. కాని ఒక్కొక్క ఆటగాని ఆటకు వేరువేరుగా వెలకట్టి ప్రలోభమును కల్పించినదియు ఆ వ్యవస్థయే. చట్టము దొంగను పట్టగలదు, ఆశను పట్టలేదు.

మన చట్టముల నడక

భారత న్యాయస్థానములు నైపుణ్యపు ఆటను, అదృష్టపు ఆటను వేరుచేసినవి. 1968లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన వ్యాజ్యమున రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆట యనియు, 1996లో గుర్రపు పందెము అట్టిదే యనియు సుప్రీంకోర్టు చెప్పెను. ఈ సందున ఆన్‌లైన్ వ్యాపారములు పెరిగి, ఇంటింట చేతిఫోనే బరియయ్యెను. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆన్‌లైన్ రమ్మీ మొదలగు డబ్బు ఆటలను నిషేధించెను. 2025 ఆగష్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా యను భేదము లేక, ఆన్‌లైన్ డబ్బు ఆటలనన్నిటిని నిషేధించు చట్టమును ఆమోదించెను. నడపువారికి మూడేండ్ల వరకు కారాగారము, కోటి రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును.

లెక్క యేమి చెప్పును?

రెండు జట్లు సమానమనుకొనుడు. నూరు రూపాయలు కాసి గెలిచినవానికి బుకీ తొంబది రూపాయల లాభమిచ్చుననుకొనుడు. నూరు పందెములలో ఏబది గెలిచిన 4,500 రూపాయలు వచ్చును. ఏబది ఓడిన 5,000 పోవును. నికర నష్టము 500. ఎవరును మోసము చేయకున్నను కాయువాని గతి ఇది. పన్ను చేరినచో నష్టము పెరుగునేగాని తగ్గదు.

కాయక దృష్టి

బసవేశ్వరుడు బిజ్జలుని భండారియై రాజధనమును కాచినవాడు; ధనమును నిందించినవాడు కాడు. ధనము కాయకముచే వచ్చినదా యని మాత్రమే అడుగుమనెను. ఆయన ప్రాంగణమున చిందిన బియ్యపు గింజలు ఏరుట అయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినంతట, భార్య లక్కమ్మ ఆ యధికమును వెనుకకు ఇచ్చి రమ్మని పంపెను. ఆ గింజలు దొంగిలించినవి కావు, ఏ చట్టమునకును విరుద్ధములు కావు. అయినను అవి తమ శ్రమను మించినవి గనుక దాసోహమునకు తగవని ఆమె నిర్ణయము. పందెపు సొమ్మునకును పెట్టవలసిన పరీక్ష ఇదియే. చట్టము అనుమతించినదా యనునది మొదటి ప్రశ్న మాత్రమే. ఎవని శ్రమకు ప్రతిఫలమనునది రెండవది. పందెమున ఒకని గెలుపు మరియొకని యింటి లోటు. అందు పండిన గింజ లేదు, నేసిన నూలుపోగు లేదు.

కావున తల్లిదండ్రులు పిల్లల చేతిఫోనులలోని ఆటలను గూర్చి సిగ్గుపడక అడుగవలెను. అప్పు పడిన బిడ్డను దూషించుటకు ముందు, దాచిన లెక్కను చెప్పు ధైర్యమును వానికి కలిగింపవలెను. పండుగకు బరి నడపినవారు ఉత్సవమునకు విరాళము తెచ్చినపుడు మఠములు లక్కమ్మను స్మరింపవలెను. మొత్తము పెద్దదైనకొలది తిరిగి ఇచ్చుట కష్టము. కాని గింజలను వెనుకకు పంపిన నాడును ఆ దంపతుల దాసోహము ఆగలేదు.