అద్దపు తొట్టెకు నిదానముగా పెరిగే కాడ మొక్క

ఇంటి చేపల తొట్టెలో కాలువ నాచు వేసిన రైతులకు దాని సంగతి తెలిసియే యుండును. చూచుచుండగనే నీటి పైకి వచ్చి వెలుతురును అడ్డగించును. మాటిమాటికి కత్తిరించక తప్పదు. ఆ తీరిక లేనివారు నిదానముగా పెరిగే కాడ మొక్కను ఎన్నుకొనవలెను.

దానికి డబ్బు పెట్టనక్కరలేదు. మీ కాలువ గట్లమీద, వరిమళ్ళ అంచున ప్రాకే నీటిబ్రాహ్మియే చాలును. కాడ కండగలది. ఆకులు చిన్నవి, దళసరివి; కణుపునకు రెండేసి ఎదురెదురుగా నుండును. పువ్వు తెలుపు లేక లేత ఊదా. గుండ్రని ఆకుల సరస్వతి మొక్కను కూడ కొందరు బ్రాహ్మి యందురు; అది వేరు. నీటిబ్రాహ్మి కొద్దిపాటి ఉప్పునీటికి ఓర్చును గనుక కోస్తా బోరునీటికి నేను దీనినే చెప్పుదును.

అయితే మందు చల్లిన చేను ప్రక్కనుండి తేవద్దు, చేపలు చచ్చును. ఎక్కడిదైనను రెండు వారములు వేరే కుండలో నుంచి, తరచు నీరు మార్చి, నత్తగ్రుడ్లు తుడిచి మరీ నాటవలెను. 4 అంగుళముల కాడలు త్రుంచి, క్రింది రెండు కణుపుల ఆకులు తీసి, కడిగిన ముతక ఇసుకలో అంగుళము ఎడముగా గ్రుచ్చవలెను. మొదట పాత ఆకులు కొన్ని రాలును. క్రొత్తవి వచ్చువరకు పీకి చూడవద్దు.

నిదానపు మొక్కతో ఒక చిక్కు గలదు. నీటిలోని పోషకములను కొద్దిగానే తీసుకొనును. ఆకు చాలకాలము నిలుచును. వెలుతురు, చేపల మేత ఎక్కువైనచో ఆ ఆకులపై పాచి పట్టును. కాబట్టి తొట్టెను ఎండ తగలని చోట నుంచి, దీపమును రోజుకు 6 నుండి 8 గంటలే వెలిగించవలెను. తొలి నెలలో కొంచెము నాచును తోడుగా నుంచినచో మిగులు పోషకములను అది లాగుకొనును. బ్రాహ్మి కుదురుకొన్న పిదప నాచును తీసి, కాలువలో పారవేయక ఎరువు గుంటలో వేయవలెను.