సముద్రమందు తల్లియు పిల్లయు

చదువవలసిన భాగములు: కీర్తనలు 104:24–28, ద్వితీయోపదేశకాండము 22:6–7, మార్కు 6:30–34.

పై కీర్తనలో ఓడలును గొప్ప జలచరములును ఒకే సముద్రమందు కనబడుచున్నవి. ఓడ మనుష్యుని చేతిపని. జలచరము దేవుని చేతిపని. ఈ రెండును ఒకదానికొకటి కీడు చేయక ఎట్లు సంచరింపవలెను? దీనిని నేర్పు ఒక స్థలమును చూతము.

కారీబియన్ దీవులలో డొమినికన్ రిపబ్లిక్ అను దేశము కలదు. దాని ఈశాన్య తీరమున సమానా అఖాతమున్నది. ప్రతి సంవత్సరము జనవరి మొదలు మార్చి వరకు హంప్‌బ్యాక్ జాతి తిమింగలములు ఉత్తరపు చల్లని సముద్రములనుండి వేలాది కిలోమీటర్లు ఈది ఈ ప్రాంతపు వెచ్చని నీటికి వచ్చును. జతకూడుటకును పిల్లలను కనుటకును అవి వచ్చును. వాటిని చూడగోరువారు పడవలలో బయలుదేరుదురు. పిమ్మట పడవ కాయో లెవంతాదో అను చిన్న దీవియొద్ద ఆగును. అక్కడ కొబ్బరిచెట్ల నీడను, తెల్లని ఇసుకమీద యాత్రికులు సేదదీరుదురు.

1. తల్లి ఉపవాసము. తిమింగలము చేప కాదు. పాలిచ్చి పెంచు జంతువు. పుట్టిన పిల్ల సుమారు 4 మీటర్ల పొడవుండును. ఈ వెచ్చని నీటిలో తల్లికి మేత దాదాపు దొరకదు. చల్లని సముద్రములో తిని ఒంట దాచుకొనిన కొవ్వే దానికి ఆధారము. దానినుండియే చిక్కని పాలిచ్చును. పడవలు తరిమినయెడల తల్లి పారిపోవలెను. పిల్ల పాలు మానవలెను. దాచిన బలము వ్యర్థమగును.

2. ఎడమిచ్చు ప్రేమ. ఈనిన ఆవు చుట్టు గుంపుకూడి అల్లరిచేయువారిని మనము అదలించమా? పక్షిగూటియందలి తల్లిని గూర్చి మోషే ధర్మశాస్త్రము జాలి నేర్పెను. సమానాలోను అట్టి నియమములే ఉన్నవి. తల్లియు పిల్లయు ఉన్నచో పడవ 80 మీటర్ల దూరమున నిలువవలెను. ఒక గుంపునొద్ద అరగంటకు మించి ఉండరాదు. యాత్రికులు నీటిలో దిగి వాటియొద్దకు ఈదరాదు. మునుపు నూనె కొరకు ఈ జాతిని విస్తారముగా వేటాడిరి. 1955లో ఉత్తర అట్లాంటిక్ సముద్రమున వాటి వేటను నిషేధించిరి. 1986లో డొమినికన్ ప్రభుత్వము సిల్వర్ బ్యాంక్ అను సముద్రభాగమును వాటికి రక్షిత స్థలముగా ప్రకటించెను. మనుష్యులు చేయి వెనుకకు తీసినందున అవి మరల వృద్ధిపొందెను.

3. ఇసుకమీది విశ్రాంతి. ప్రభువు అలసిన శిష్యులను పడవలో ఏకాంత స్థలమునకు తోడుకొనిపోయెను. విశ్రాంతి కోరుట పాపము కాదు. అయితే ఆ దీవి నీడను కూర్చున్నవాడు ఒకటి తలంచవలెను: ఆ తల్లియు నెమ్మది కొరకే ఇంత దూరము వచ్చినది. నా విశ్రాంతి కొరకు దాని విశ్రాంతిని చెరుపుట న్యాయమా? డబ్బు చెల్లించితినని ఇంకను దగ్గరకు పొమ్మని పడవవానిని తొందరపెట్టుట న్యాయమా?

మనలో అనేకులు సమానాను ఎన్నడును చూడకపోవచ్చును. అయినను పాలిచ్చు పశువు, గూటియందలి పక్షి, నెలలు నిండిన కోడలు మన యిండ్లయొద్దనే కలరు. దూరముగా నిలిచి కాపాడుటయు ప్రేమయే.

ఆలోచించుడి: ఈ వారము నేను ఎవరి నెమ్మదికి ఎడమియ్యవలెను?