పన్నులో పురుగు ఉంటదా?



నాకు ఎడమవైపు కింది దవడ పన్ను ఒకటి లేదు. అది ఎట్ల పోయిందో చెప్తాను. మీది పోవద్దనే ఈ వ్యాసం.

అయిదో తరగతిలో ఆ పన్ను మీద నల్లచుక్క పడింది. "పాలపన్నే కదా, ఊడి మళ్ళీ వస్తది" అన్నది మా యాడి. నేనూ నమ్మిన. కాని అది పాలపన్ను కాదు. పాలపండ్లు 20. ఆరేండ్ల వయసులో వాటి వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, పైన రెండు, కింద రెండు దవడ పండ్లు కొత్తగా వస్తాయి. ఇవి శాశ్వతం. పోతే మళ్ళీ రావు.

ఎనిమిదో తరగతి పరీక్షలప్పుడు రాత్రంతా పోటు. ఎవరికీ చెప్పక లవంగం పెట్టుకొని పడుకున్న. నాలుగో రోజు చెంప వాచి జ్వరం వచ్చింది. సార్ దవాఖానకు తీసుకపోతే, పన్ను మిగల్లేదని పీకేసిండ్రు. రెండు పరీక్షలు పాడైనయి.

పిప్పిపన్ను ఎట్ల అయితది?

పురుగు పట్టిందంటారు. వాకుడు గింజల పొగ పట్టిస్తారు. కాని పన్నును తొలిచే పురుగు లేదు. నోట్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. పండ్లకు అంటిన తీపిని, బిస్కెట్ల పిండిని అవి తిని ఆమ్లం వదులుతాయి. మన ఒంట్లో అన్నిటికన్న గట్టిదైన పింగాణి పొరను కూడా ఆ ఆమ్లం కరిగిస్తుంది. ఉమ్మి దాన్ని మెల్లగా బాగుచేస్తుంది. గంటగంటకు చాక్లెట్ చప్పరిస్తే ఉమ్మికి ఆ సమయం దొరకదు.

పింగాణి పొరలో రంధ్రం పడితే నొప్పి ఉండదు. లోపలి పొరకు చేరితే చల్లనీళ్ళకు జివ్వుమంటది. నరం దాక పోతే పోటు. అంటే నొప్పి వచ్చిందంటే చాలా ఆలస్యమైనట్టే! చుక్కప్పుడే చూపిస్తే సిమెంటు నింపి పన్నును కాపాడతారు.

నల్లగొండ వైపు కనిపించే గోధుమరంగు మచ్చల పండ్లు వేరే జబ్బు. అది నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట వస్తుంది. అదే ఫ్లోరైడ్ పేస్టులో కొద్దిగా ఉంటే పన్నుకు బలం. అందుకే పేస్టు మింగవద్దు.

మనం చేయవలసినవి

1. పొద్దున, రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు తోముకోవాలి. రాత్రి ఉమ్మి తక్కువ ఊరుతుంది కాబట్టి రాత్రిదే ముఖ్యం.
2. ఫ్లోరైడ్ పేస్టు బఠానీ గింజంత చాలు.
3. వేపపుల్ల మంచిదే, కాని వెనుక పండ్ల గుంతల్లోకి పోదు. ఇటుకపొడి, బొగ్గు పన్నును అరగదీస్తాయి.
4. చిల్పూర్ గుట్టకు పోయినప్పుడు కొన్న మిఠాయి అన్నంతోపాటే తిని పుక్కిలించండి. పొద్దంతా నములుతూ ఉండవద్దు.
5. నొప్పి మాత్రను చిగురు మీద పెట్టవద్దు, పుండు పడుతుంది. లవంగం నొప్పిని కాసేపు ఆపుతుంది, జబ్బును ఆపదు.
6. చెంప వాస్తే, జ్వరం వస్తే ఆ రోజే వార్డెన్ సార్‌కు చెప్పండి. తిడతారని దాచవద్దు. నన్ను ఎవరూ తిట్టలేదు.

సార్‌లకు ఒక మనవి: రాత్రి అన్నం తరువాత బ్రష్షులకు ఒక బెల్లు కొట్టించండి. మూడో తరగతి తమ్ముళ్ళ పక్కన నేను నిలబడి తోమిస్తాను. వాళ్ళ దవడ పండ్లు ఇప్పుడిప్పుడే వచ్చినయి.

— 9వ తరగతి విద్యార్థి