పశువుల మందులు: అడిగి తెలిసికొనవలసిన ఐదు సంగతులు

పశువు జబ్బుపడిన ఇంట ఆత్రుత సహజము. రైతు పరుగున పోయి మందు తెచ్చును. ఇచ్చువారు తొందరలో సీసా చేతికిత్తురు. చెప్పిన నాలుగు మాటలలో రెండు దారిలోనే మరపునకు వచ్చును. ఇట్టి సమయములలో మంచి మందు కూడ పశువుకు చేటు చేయవచ్చును. ఆ పాలు త్రాగు పిల్లలకును హాని కలుగవచ్చును. కావున రైతు సోదరులు మందు తీసికొనునపుడే ఈ క్రింది ఐదు సంగతులు అడిగి, జవాబులను చీటీపై వ్రాయించుకొనవలెను.

1. ఈ మందు ఈ పశువునకు తగినదేనా?

పశువుల మందు సీసాపై పశువు తల బొమ్మయు, మనుష్యులకు వాడరాదను హెచ్చరికయు ఉండవలెనని నిబంధన కలదు. చదువురానివారు సైతము ఆ బొమ్మను గుర్తుపట్టవచ్చును. ఇంటిలో మనుష్యుల మందులతో వీనిని కలిపి ఉంచరాదు. పొరుగువాని గేదెకు గుణమిచ్చినదని అదే మందు మీ ఆవుకు పోయరాదు. పశువు చూడితో ఉన్నచో ఆ సంగతి ముందుగా చెప్పవలెను. కడుపులోని పురుగులకు వాడు ఆల్బెండజోలు మందును చూడి కట్టిన తొలి 45 దినములలో ఇచ్చినచో పిండమునకు హాని కలుగవచ్చును.

2. ఎంత ఇవ్వవలెను?

మోతాదు పశువు బరువునుబట్టి ఉండును. తూచు సాధనము లేనిచోట టేపుతో అంచనా కట్టవచ్చును. ముందుకాళ్ళ వెనుకగా రొమ్ము చుట్టుకొలతను, భుజము మొన నుండి పిరుదు ఎముక మొన వరకు పొడవును అంగుళములలో కొలువవలెను. చుట్టుకొలతను అదే అంకెతో హెచ్చించి, వచ్చినదానిని పొడవుతో హెచ్చించి, 660తో భాగించినచో బరువు ఇంచుమించుగా కిలోలలో తెలియును. చుట్టుకొలత 60, పొడవు 50 అంగుళములైన పశువు సుమారు 273 కిలోలుండును. చెంచాకు చెంచాకు తేడా ఉండును గనుక మిల్లీలీటరు గీతలుగల కొలతపాత్రనే వాడవలెను.

3. ఏ విధముగా ఇవ్వవలెను?

పశువు తలను బాగుగా పైకెత్తి, నాలుక బయటకు లాగి మందు పోయుట కొన్నిచోట్ల అలవాటు. ఇది మిక్కిలి ప్రమాదకరము. మందు ఊపిరితిత్తులలోనికి పోయి, న్యుమోనియా వచ్చి పశువు చనిపోవచ్చును. ముక్కు కంటిమట్టమునకు మించి లేవకుండ తలను పట్టుకొని, బుగ్గ ప్రక్కనుండి కొద్దికొద్దిగా పోయవలెను. దగ్గు వచ్చినచో వెంటనే తల వదలివేయవలెను. స్పృహ లేక పడియున్న పశువుకును, మ్రింగలేని పశువుకును నోటిద్వారా ఏమియు పోయరాదు.

4. ఎన్ని దినములు వాడవలెను?

జ్వరము తగ్గినదని యాంటీబయాటిక్ మందును డాక్టరు చెప్పిన గడువుకు ముందే మానరాదు. మిగిలిన క్రిములు తిరిగి పెరుగవచ్చును. చెప్పినదానికంటె తక్కువ మోతాదు తరచుగా వాడుచుండిన ఆ మందుకు లొంగని క్రిములు ప్రబలి, అవసరమైననాడు అది పనిచేయకుండ పోవును. మిగిలిన మందును మరొకప్పటికి దాచి, డాక్టరును అడుగకుండ వాడరాదు.

5. పాలు ఎన్నాళ్ళు విడిచిపెట్టవలెను?

ఈ ప్రశ్న అడుగువారు తక్కువ. మందు పాలలోనికి దిగును. కాచినంత మాత్రమున అది పూర్తిగా పోదు. అట్టి పాలు పెన్సిలిన్ పడనివారికి ప్రమాదము కలిగింపవచ్చును. పెరుగు కూడ సరిగా తోడుకొనదు. పాలు, గ్రుడ్లు, మాంసము వాడకుండవలసిన గడువును మందుపై ముద్రింపవలెనని 2012లో నిబంధన వచ్చినది. ఒక మందుకు ప్రత్యేకముగా గడువు నిర్ణయము కానిచో, అది పాలకు, గ్రుడ్లకు 7 దినములకును, మాంసమునకు 28 దినములకును తక్కువ కారాదు. గడువును చివరి మోతాదునుండి లెక్కింపవలెను. పొదుగువాపునకు ఒక్క చన్నులో మందు ఎక్కించినను నాలుగు చన్నుల పాలును విడిచిపెట్టవలెను. వారము దినముల పాలు పోవుట చిన్న రైతుకు బరువే. కావున చికిత్స మొదలుపెట్టకమునుపే డాక్టరునడిగి, జబ్బుకు సరిపడు మందులలో తక్కువ గడువుగలది ఉన్నచో దానిని వ్రాయించుకొనుట మేలు.

రాబందుల గుణపాఠము

మందు కీడు పశువుతోనే ఆగదు. నొప్పులకు డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువులు చనిపోగా, వాని కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి వేలకువేలుగా నశించినవి. ఒకప్పుడు ఊరూరను కనిపించిన ఆ పక్షులు నేడు అరుదైనవి. ఆ మందును పశువులకు వాడుట 2006లో మన దేశమున నిషేధింపబడినది. మనుష్యులకొరకు అమ్ము పెద్ద సీసాలను పశువులకు వాడుచున్నందున 2015లో వాని పరిమాణమును ఒక్క మోతాదుకు తగ్గించిరి. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను 2023లో పశువులకు నిషేధించిరి. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ దొరకుచున్నది గనుక నొప్పి మందు కావలసినపుడు దానిని గురించి డాక్టరునడుగవలెను.

మందులిచ్చువారికి ఒక మాట

పశువైద్యశాల సిబ్బంది, మందుల షాపువారు, సంఘముల కార్యదర్శులు సీసా ఇచ్చి ఊరకుండరాదు. చెప్పిన పిమ్మట, “ఇంటికి పోయి ఎట్లు ఇచ్చెదరో చెప్పుడు” అని రైతుచేతనే తిరిగి చెప్పించుకొనవలెను. తప్పు ఉన్నచో అక్కడనే బయటపడును. చదువురానివారికి సీసాపై పూటకొక గీత గీచి ఇవ్వవలెను. పాలు విడువవలసిన ఆఖరు తేదీని విడిగా వ్రాసి ఇవ్వవలెను. ఆ చీటీని పశువుల కొట్టములో గోడకు అంటించినచో పాలు పితుకువారందరికి కనబడును. గ్రామోద్యోగులు రైతుల సమావేశములలో ఈ ఐదు ప్రశ్నలను చదివి వినిపించినచో ఎన్నో పశువులు నిలుచును, పాలు పరిశుభ్రముగా ఉండును.