ఇంజను ఎందుకు ఆగింది?

అది కృష్ణా డెల్టాలో కాలువ చివర ఉన్న ఊరు. పై ఊళ్లన్నీ తడిశాక గాని అక్కడికి నీళ్లు రావు. వచ్చినా కాలువ అడుగునే పారతాయి. మడి ఎత్తు మీద ఉంటుంది. ఆయిలింజను పెట్టి నీళ్లు ఎక్కించుకోవాలి.

ఆ ఇంట్లో ఒక పాత ఇంజను ఉంది. 5 హార్స్‌పవర్ ఇంజను. మామగారు కొన్నది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంజను మాత్రం ఇంకా ఆడుతోంది.

నారు పోసి 12 రోజులయింది. మడి నెర్రెలిచ్చింది. కాలువకు వంతు నీళ్లు వదిలారు. వంతు 2 రోజులే. ఆ రెండు రోజుల్లో నారుమడి తడవాలి. లేకపోతే నారు ఎండిపోతుంది. మళ్లీ విత్తనాలు కొనాలి. అప్పటికి అదనూ దాటిపోతుంది.

కోడలు పొద్దున్నే ఇంజను తిప్పింది. అరగంట బాగానే ఆడింది. తర్వాత శబ్దం తగ్గింది. మళ్లీ పెరిగింది. మళ్లీ తగ్గింది. చివరికి ఆగిపోయింది. ఎంత తిప్పినా అందుకోలేదు.

భర్త హైదరాబాదులో వాచ్‌మన్ పని చేస్తున్నాడు. ఫోను చేస్తే మెకానిక్కును పిలిపించమన్నాడు. టౌనులో మెకానిక్కు రేపు సాయంత్రం వస్తానన్నాడు. రేపు సాయంత్రానికి వంతు అయిపోతుంది.

కోడలు పానాల సంచీ తీసింది.

"ఆడకూతురివి, ఇంజను విప్పుతావా? నలుగురూ నవ్వుతారే!" అంది అత్త.

"నారు ఎండిపోతే నవ్వరా అత్తయ్యా?" అంది కోడలు.

అత్త ఇంకేం మాట్లాడలేదు. చెప్పులేసుకుని వెళ్లి పక్క వీధి మేస్త్రిని పిలుచుకొచ్చింది. ఆయన ఒకప్పుడు ఇంజన్లు బాగు చేసేవాడు. ఇప్పుడు కళ్లకు శుక్లాలు. కర్ర పోటేసుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"నాకు కనపడదమ్మాయ్. నేను చెబుతా, నువ్వు చెయ్యి. ముందు కొంగు దోపుకో. జడ ముడేసుకో" అన్నాడు.

ఇది చిన్న మాట కాదు. తిరిగే బెల్టులో కొంగు పడితే మనిషిని లాగేస్తుంది. జడా అంతే. ఇంజను ఆగి ఉన్నప్పుడే ఏ పనయినా చేయాలి.

"ఇంజను ఎట్లా ఆగింది? టక్కున ఆగిందా, రొప్పుతూ ఆగిందా?" అని మేస్త్రి అడిగాడు.

"రొప్పుతూ ఆగింది బాబాయ్."

"తిప్పితే పొగ గొట్టంలోంచి పొగ వచ్చిందా?"

"అసలు రాలేదు."

"అయితే దానికి తిండి అందలేదు" అన్నాడు మేస్త్రి.

ఆయన అలా ఎందుకన్నాడు? ఇంజను లోపలికి డీజిల్ వెళ్తూ మండకపోతే తెల్లపొగ వస్తుంది. పొగే రాలేదంటే డీజిల్ లోపలికి వెళ్లడం లేదన్న మాట. అప్పుడు డీజిల్ ఏ దారిన వెళ్తుందో ఆ దారే పట్టుకుని వెతకాలి.

ఆ దారి ఇది. పైన టాంకీ ఉంటుంది. టాంకీ కింద కుళాయి ఉంటుంది. అక్కడి నుంచి డీజిల్ గొట్టంలో దిగి ఫిల్టరులోకి వస్తుంది. ఫిల్టరు చెత్తను ఆపుతుంది. ఫిల్టరు నుంచి పంపులోకి వెళ్తుంది. ఈ పంపు నీళ్లు తోడే పంపు కాదు. చేతిలో ఇమిడేంత చిన్నది. అది డీజిల్‌ను గట్టిగా నెడుతుంది. నెట్టిన డీజిల్ సన్నని ఇనప గొట్టంలో వెళ్లి నాజిల్‌లోంచి మంచులాగా లోపల చిమ్ముతుంది.

పంపు స్టవ్ వాడిన వాళ్లకు ఇది కొంత తెలిసిన సంగతే. స్టవ్‌లో కూడా నూనె సన్నని బెజ్జంలోంచి చిమ్మాలి. బెజ్జం పూడితే పిన్నుతో పొడుస్తాం. కాని స్టవ్‌కు అగ్గిపుల్ల గియ్యాలి. డీజిల్ ఇంజనుకు అక్కర్లేదు. లోపల గాలిని ఇంజను బాగా అణచేస్తుంది. అంతగా అణిగిన గాలి కాగిపోతుంది. ఆ వేడికే డీజిల్ మండుతుంది. జర్మనీ దేశపు ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఇటువంటి ఇంజనును నడిపి చూపించాడు. ఆయన పేరే ఇంజనుకు వచ్చింది, నూనెకూ వచ్చింది.

"ముందు టాంకీ చూడు" అన్నాడు మేస్త్రి.

కోడలు శుభ్రమైన పుల్ల ముంచి చూసింది. టాంకీలో సగానికి పైగా డీజిల్ ఉంది.

"మూతకు చిన్న బెజ్జం ఉంటుంది. ఉందా, పూడిందా?"

బెజ్జం తెరిచే ఉంది. ఆ బెజ్జం ఎందుకు? డీజిల్ దిగే కొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. గాలి రాకపోతే డీజిల్ దిగదు. నిండు సీసాను ఒక్కసారిగా బోర్లిస్తే నీళ్లు గుడగుడమంటూ ఆగి ఆగి పడతాయి. ఇదీ అంతే. బెజ్జం పూడిన ఇంజను కాసేపు ఆడి ఆగుతుంది. మూత తీస్తే మళ్లీ ఆడుతుంది. అలాంటప్పుడు ఇంకేమీ విప్పనక్కర్లేదు. బెజ్జం పొడిస్తే చాలు. దానికే డబ్బు పోసుకున్న వాళ్లున్నారు.

"ఇప్పుడు ఫిల్టరు దగ్గర గొట్టం విప్పు. కింద గాజు సీసా పెట్టు. కుళాయి తిప్పు. ధార పడాలి."

పానాల మీద అంకెలు ఉన్నాయి. కోడలు చదివి, నట్టుకు సరిపోయేది తీసింది. సరిపోని పానా వేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి. గొట్టం విప్పి కుళాయి తిప్పింది. ధార పడలేదు. బొట్లు బొట్లుగా పడింది.

"బొట్లే పడుతున్నాయి బాబాయ్."

"అదే! దొంగ అక్కడే ఉన్నాడు."

డీజిల్‌ను క్యానులోకి దించారు. కుళాయి విప్పారు. దాని నోట్లో నల్లటి మడ్డి పేరుకుని ఉంది. మడ్డిలో దారపు పోగులు. కోడలు వాటిని వేళ్లతో తీసి చూసింది. పాత చీర పోగులు! డీజిల్‌ను చీర ముక్కలో వడగట్టి పోయడం ఆ ఇంట్లో అలవాటు. మంచికే చేశారు. కాని గుడ్డ నుంచి పోగులు రాలి టాంకీ అడుగున చేరాయి. సన్నని ఇత్తడి జాలీ ఉన్న గరాటుతో పోస్తే ఈ బాధ ఉండదు.

సీసాలో పట్టిన డీజిల్ కాసేపటికి తేరింది. అడుగున వేలెడు మందం నీళ్లున్నాయి. డీజిల్ తేలిక, నీళ్లు బరువు. అందుకని నీళ్లు అడుగుకు చేరతాయి. మూత సరిగా లేని క్యానులో వాన నీళ్లు పడ్డాయన్న మాట. నీళ్లు కలిసిన డీజిల్ పంపునూ నాజిల్‌నూ తుప్పు పట్టిస్తుంది. క్యాను ఒక పూట కదపకుండా ఉంచి, పైన తేరిందే పోసుకోవాలి.

టాంకీ కడిగారు. ఫిల్టరు లోపలిది నల్లగా మూసుకుపోయింది. ఇంట్లో కొత్తది ఒకటి ఉంటే వేశారు. గొట్టాలు బిగించారు. తేరిన డీజిల్ పోశారు.

"ఇక తిప్పనా?" అంది కోడలు.

"ఆగాగు. అసలు పని ఇప్పుడే ఉంది. గాలి తియ్యాలి."

గొట్టాలు విప్పినప్పుడు లోపల గాలి చేరుతుంది. టాంకీ పూర్తిగా ఖాళీ అయినా చేరుతుంది. గాలి ఉంటే ఏమవుతుంది? సూది మందు వేసే సిరంజి చూశారు కదా. సిరంజి నిండా నీళ్లుంటే, కొసను వేలితో మూసి నొక్కితే అసలు కదలదు. గాలి ఉంటే మెత్తగా లోపలికి దిగుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పంపు నెట్టినప్పుడు గొట్టంలో గాలి ఉంటే ఆ గాలే నలుగుతుంది. డీజిల్‌కు బలం అందదు. నాజిల్ తెరుచుకోదు. టాంకీ నిండా డీజిల్ ఉన్నా ఇంజను ఆడదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. హ్యాండిల్ తిప్పీ తిప్పీ రెక్కలు పడిపోతాయి గాని ఇంజను అందుకోదు.

కుళాయి తెరిచారు. ఫిల్టరు పైన ఒక స్క్రూ ఉంది. కోడలు దాన్ని రెండు చుట్లు వదులు చేసింది. నురుగుతో డీజిల్ వచ్చింది. బుడగలు వచ్చినంతసేపూ ఆగింది. బుడగలు లేని డీజిల్ వస్తూ ఉండగానే స్క్రూ బిగించింది. పంపు మీది స్క్రూ దగ్గర కూడా అట్లాగే చేసింది.

తర్వాత ఇనప గొట్టాన్ని నాజిల్ దగ్గర ఒక చుట్టు వదులు చేసి, వాల్వు లేపే లీవరు ఎత్తి, హ్యాండిల్ తిప్పింది. నాలుగైదు చుట్లకు అక్కడ డీజిల్ చిమ్మింది.

"చెయ్యి దూరం! అక్కడ వేలు పెట్టకు!" అని మేస్త్రి గట్టిగా అరిచాడు.

ఆయన అరిచింది ఊరికే కాదు. నాజిల్‌లోంచి చిమ్మే డీజిల్‌కు సైకిలు ట్యూబులో గాలి కంటే పదుల రెట్లు ఎక్కువ బలం ఉంటుంది. చర్మాన్ని చీల్చి లోపలికి పోగలదు. పైకి సూది గుచ్చినట్టే కనపడుతుంది. లోపల కండ కుళ్లుతుంది. అలా జరిగితే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇంకొకటి. క్యానులోంచి డీజిల్ తీయడానికి గొట్టం నోట పెట్టి పీలుస్తుంటారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

నట్టు బిగించి మళ్లీ తిప్పింది. ఈసారి నాజిల్ కిర్రు, కిర్రుమంది.

మేస్త్రి మొహం విప్పారింది. "ఆ చప్పుడు వినబడితే డీజిల్ చిమ్ముతున్నట్టే. ఇక లీవరు వదులు!"

కోడలు నాలుగు చుట్లు బలంగా తిప్పి లీవరు వదిలింది. గుప్పున పొగ వచ్చింది. ఇంజను అందుకుంది. కాలువ నీళ్లు గొట్టం నుంచి బోదెలోకి దూకాయి. అత్త పార పట్టుకుని నీళ్ల ముందు నడిచింది.

సాయంత్రం కోడలు ఇంజను కింద ఒక తడి మరక చూసింది. విప్పి బిగించిన చోట రాగి వాషరు అరిగి బొట్టు కారుతోంది. సెకనుకు ఒక బొట్టు. గట్టు మీద కూర్చుని పుస్తకంలో లెక్క కట్టింది. గంటకు 3600 బొట్లు. 20 బొట్లు ఒక మిల్లీలీటరు అనుకుంటే గంటకు 180 మిల్లీలీటర్లు. వంతు నీళ్లకు 10 గంటలు ఆడిస్తే దాదాపు 2 లీటర్లు నేలపాలు!

"రెండు లీటర్లే?" అని అత్త నోరు నొక్కుకుంది.

రెండో రోజు వంతు అయ్యేదాకా బొట్టు కింద గిన్నె పెట్టారు. మర్నాడు కోడలు టౌనుకు వెళ్లి రాగి వాషర్లు నాలుగు, జాలీ గరాటు ఒకటి కొనుక్కొచ్చింది. ఫిల్టరు మార్చిన తేదీని షెడ్డు తలుపు మీద సుద్దతో రాసింది. పాత చీర ముక్కను అత్త వాకిట్లో తీగ మీద ఆరేసింది.